ఇంగ్లీషు గంట, మామిడి తాండ్ర

ఒకప్పుడు లండను, నైరోబీ, సింగపూరు, కొలంబో మా అక్క ఆగమంటే ఆగేవి, మాట్లాడమంటే మాట్లాడేవి. సికిందరాబాదు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఎత్తు కుర్చీ మీద కూర్చుని, తలకి ఇనప బద్దీతో చెవిగొట్టం తగిలించుకుని, రెండు చేతులా తీగలు పట్టుకుని భూగోళాన్నంతా ఒక్కతే కుట్టేసింది ఆవిడ. ఈ మాట నేను ఎన్నో పెళ్లిభోజనాల దగ్గర చెప్పాను. విన్నవాళ్లు విస్తరి మరిచిపోయి నా నోరే చూశారు. సరే, ఒప్పుకుంటాను. అక్క తీగ బొంబాయి దాకానే పోయేది. సముద్రం అవతలి ఊళ్లని కలిపేది బొంబాయి వాళ్లు. కాకపోతే లైను కలిసే ముందు, ఆ దూరదేశపు ఆపరేటరు గొంతు ఒక్కోసారి బొంబాయిని దాటుకుని వచ్చి అక్క చెవిలో పడేది. అంతవరకూ నిజం. విస్తరి సంగతి కూడా కాస్త ఎక్కువే చెప్పాను. నా మాట చివరిదాకా విన్నవాడు పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్కడే, ఆయనకి చెవుడు.

ఆ అక్క, శకుంతల, ఇప్పుడు అల్వాల్‌లో మా ఇంటి ముందు గదిలో దిండ్లకి ఆనుకుని కూర్చుంటుంది. బావ పోయాక మా దగ్గరికే వచ్చేసింది. ఈ వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. చెయ్యి కొంచెం కదులుతోంది. మాట కూడా వచ్చింది, కానీ ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు రాలేదు. మనం తెలుగులో చెప్పింది అర్థమవుతుంది. అన్నం తింటావా అంటే తలూపుతుంది, తిన్నాక మాత్రం "థాంక్యూ, మై డియర్" అంటుంది. నేను దగ్గరికెళ్లి "అక్కా" అని పిలిస్తే, మర్యాదగా, ఎవరో ముక్కూమొహం తెలియని చందాదారుడితో మాట్లాడినట్టు "స్పీక్ అప్, ప్లీజ్" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

మాట నేర్పే డాక్టరమ్మ స్రవంతి, కరీంనగర్ పిల్ల, స్కూటీ మీద వస్తుంది. "అంకుల్, కొందరికి గిట్లనే అయితది. మనసులో రెండోది ఉంటది కదా, అది ముందుగాల వస్తది. అసలుది ఎన్కకు వస్తది" అంది. ఎప్పుడొస్తుందమ్మా అన్నాను. "చెప్పలేం అంకుల్. రాకపోవచ్చు సుత. జెర ఓపిక పట్టుండ్రి." ఆ 'సుత' విన్న దగ్గరనుంచి నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. గేటు దాకా వెళ్తాను, గేటు తీస్తాను, ఎవరూ లేరని చూసి మూస్తాను. కళ్లజోడు తుడుస్తాను, పెట్టుకుంటాను, మళ్లీ తుడుస్తాను. మా ఆవిడ కమల వంటింట్లోంచి అరుస్తుంది. "ఏందయ్యా, గేటును పరేషాన్ చేస్తున్నవ్? గడియ ఊడితే నువ్వే నిలబడాలె దాని జాగల."

నా పరేషాన్ ఏమిటో ఆవిడకి తెలుసు, అందుకే తిడుతుంది. మా నాన్న విజయనగరం వైపునుంచి రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా వచ్చి చిలకలగూడలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టారు. మేం మాట్లాడిన తెలుగు ఆ వాటా గోడల మధ్యనే బతికింది. బడిలో నేను "ఏటి" అంటే క్లాసంతా నెల్లాళ్లు నన్ను "ఏటీ" అనే పిలిచింది. రాంగోపాల్‌పేట్‌లో బట్టలకొట్టుకి వెళ్లి మా అమ్మ "ఏటి రేటిది, మరీ అంతేటి" అంటే, గల్లాపెట్టె పక్కన కూర్చున్న కొట్టాయన కూతురు పడిపడి నవ్వింది. ఆ పిల్ల మీద పగ తీర్చుకోవడానికి పెద్దయ్యాక పెళ్లి చేసుకున్నానని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆ నవ్వు కోసమే ఎన్నో ఏళ్లు అక్కర్లేని లంగోటా గుడ్డలు కొన్నాను. అదలా ఉంచండి. అమ్మా నాన్నా వెళ్లిపోయాక, ఈ ఊళ్లో ఆ 'ఏటి' తెలుగు మాట్లాడేవాళ్లం ఇద్దరం మిగిలాం, అక్కా నేనూ. కమలకి తన మాట ఉంది, పిల్లలకి వాళ్ల మాట ఉంది. డెబ్బై దాటిన నన్ను "గుంటడా" అని పిలిచే మనిషి ఒక్కతే. ఆవిడకి ఆ భాష పోతే, నాది నేను ఎవరితో మాట్లాడను?

ఇంగ్లీషు మా ఇంట్లోకి నాన్న తెచ్చారు. అక్క మెట్రిక్ పాసయింది, టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని విన్నారు, ఆ రోజునుంచి మా ఇంట్లో 'ఇంగ్లీషు గంట' మొదలైంది. దీపాలు పెట్టినప్పటినుంచి అన్నాలకి కూర్చునే దాకా ఇంట్లో తెలుగుమాట వినపడకూడదు. లోకో షెడ్డు బొగ్గుపొగ, లాంతరు కిరసనాయిలు, అమ్మ పోపులో ఇంగువ, మూడూ కలిసిన వాసన వచ్చిందంటే మా నాలుకలు బిగుసుకుపోయేవి. ఆ గంటలో మా ఇల్లు సికిందరాబాదు మొత్తంలో అతి నిశ్శబ్దమైన ఇల్లు. నాన్నకి తప్ప ఎవరికీ అంత ఇంగ్లీషు రాదు మరి. అమ్మ ఉప్పు కావాలంటే వేళ్లతో చిటికెడు చూపించేది, నూనె కావాలంటే గాలిలో గరిటె వంచేది. ఓపిక చచ్చాక పెరట్లోకి పోయి కుంపటితో మాట్లాడేది. "ఏటమ్మా ఇది, కన్నపిల్లల్ని అన్నానికి పిలవడానికి కూడా ఇంగ్లీషేటి? నువ్వైనా చెప్పు." కుంపటితో మాట్లాడినదానికి శిక్ష లేదని నాన్న చూసీచూడనట్టు ఊరుకునేవారు.

శిక్ష ఏమిటంటే మామిడి తాండ్ర. మా అమ్మమ్మ వాళ్ల ఊరినుంచి ఏటా చాపచుట్టలా చుట్టి వచ్చేది. తాటాకు చాప వాసన, ఎండ వాసన, దాని మీద వాలి అందులోనే ఉండిపోయిన ఈగ రెక్క ఒకటి. సాయంత్రం నాన్న కత్తిపీట మీద సమానంగా కోసి అక్కకో ముక్క, నాకో ముక్క సాసర్లలో పెట్టి ముందు ఉంచేవారు. గంట అయ్యేదాకా ముట్టకూడదు. ఎవరి నోట తెలుగుమాట జారితే వాళ్ల ముక్క రెండోవాళ్లకి పోతుంది. నేను గెలవలేను. నాకొచ్చిన ఇంగ్లీషు ఓ పిడికెడు. అందుకని ఒక దారి కనిపెట్టాను. అబద్ధాలు.

"యెస్టర్డే ఐ సీ టైగర్ ఇన్ స్టేషన్" అని మొదలుపెట్టేవాణ్ణి. అక్క పెదవి బిగబట్టేది. "టైగర్ సిట్టింగ్ ఫస్ట్ క్లాస్. టికెట్ కలెక్టర్ కమింగ్. ఆస్కింగ్ టికెట్. టైగర్ షోయింగ్ టికెట్." అక్క కళ్లలో నీళ్లొచ్చేవి. "టికెట్ కలెక్టర్ సేయింగ్, సారీ సర్, దిస్ ఈజ్ ప్లాట్‌ఫారం టికెట్." ఇంక ఆగలేక, "ఏటీ కోతలు, గుంటడా! పులికి ప్లాట్‌ఫారం టికెట్టేటి!" అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. లోపలినుంచి నాన్న "టెలుగూ!" అని కేకేసేవారు. మిగతా మాటలన్నీ సరిగ్గా పలికే ఆ మనిషి, 'తెలుగు' అనే ముక్కని మాత్రం ఆ గంటలో దొరలా పలికేవారు. అక్క సాసరు నా వైపు జరిగేది.

నాన్నకి ఒక నమ్మకం ఉండేది. అసలు ఇంగ్లీషు అనేది ఒకటే, అది లండనులో ఉంది, మిగతా ప్రపంచం మాట్లాడేదంతా డాల్డా కలిపిన నెయ్యి. ఆయన లండను చూశారా అంటే, కాజీపేట దాటి ఎటూ వెళ్లలేదు. ఆయన ఇంగ్లీషంతా ఫైళ్లలోంచి వచ్చింది. మంచినీళ్లు కావాలంటే "కైండ్లీ అరేంజ్ ఫర్ వాటర్" అనేవారు. తల నొప్పిగా ఉంటే "ఐ రిగ్రెట్ టు స్టేట్, హెడేక్" అనేవారు. పక్కవాటాలో గార్డుగారి భార్య డోరీన్ ఆంటీ ఉండేది, ఆంగ్లో ఇండియన్. పుట్టింది లాలాగూడలో, మాట్లాడేది పుట్టినప్పటినుంచీ ఇంగ్లీషే. అయినా నాన్న దృష్టిలో అది వంటింటి ఇంగ్లీషు. ఆవిడ మాత్రం రోజూ మా ఇంగ్లీషు గంటకి పీట వేసుకుని వచ్చి కూర్చునేది, చీర కొంగులాంటిది లేకపోవడంతో ఒళ్లో ఎప్పుడూ ఓ తుండుగుడ్డ. రోజు మొత్తంలో మా ఇల్లు తనకి అర్థమయ్యేది ఆ గంటలోనేట. అక్క పరీక్షకి తయారవుతూ నాన్న నేర్పినట్టు "ఐ హావ్ ది హానర్ టు కనెక్ట్" అంటే, ఆంటీ మోకాళ్లు చరుచుకుని నవ్వి, "వాట్ మెన్, చైల్డ్! యూ ఆర్ కనెక్టింగ్ ఎ కాల్ ఆర్ హ్యాంగింగ్ ఎ మ్యాన్?" అనేది. అలా రోజుకింత, పప్పులో పోపులా, అక్క నోట్లో ఆంటీ ఇంగ్లీషు పడింది. మై డియర్, వాట్ మెన్, కమ్ నో.

ఉద్యోగం వచ్చింది. అక్కడినుంచి ఇంగ్లీషు గంటకి కొత్త కళ వచ్చింది. అక్క డ్యూటీ దిగి వచ్చి, చీర మార్చుకోకుండానే, ఆ రోజు చెవిలో పడ్డ గొంతులన్నీ మాకు వినిపించేది. మద్రాసు ఆపరేటరు మాట మెట్లు దిగుతున్నట్టు గబగబా వచ్చేది. కలకత్తా ఆవిడ ప్రతి అక్షరాన్నీ రసగుల్లాలా గుండ్రంగా తిప్పేది. సింగపూరు వాళ్లు మాట చివర ఓ తోక తగిలించేవారు. నైరోబీ ఆయన ఎంత తొందర కాల్ అయినా ముందు "హౌ ఈజ్ ది మార్నింగ్ దేర్?" అని కుశలం అడగందే లైను ఇచ్చేవాడు కాడు. నాన్న అన్నిటినీ ఓపికగా విని, "అవన్నీ సరేనమ్మా, లండను ఎలా ఉంటుంది?" అన్నారు, తెలుగులోనే, తన గంటలో తనే. అక్క చెప్పింది. "లండనావిడ మాటే నాకు అర్థం కాలేదు నాన్నా. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అర్థం కాలేదు. నన్ను 'లవ్' అని పిలిచింది. చివరికి బొంబాయి అమ్మాయి మధ్యలో ఉండి చెప్పింది." "మరి వాటిలో సరైనది ఏది?" అన్నారు నాన్న. "లైను కలిస్తే అన్నీ సరైనవే, ఏటి నాన్నా మీరు" అంది అక్క. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. సరే, ముట్టారు. పెరుగు వద్దన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో స్రవంతి తెచ్చిపెట్టిన కరెంటు పలక, ట్యాబ్ అంటారు, ఒకటుంది. బొమ్మ చూపిస్తుంది, పేరు పలుకుతుంది, మనం పలికితే మార్కులేస్తుంది. ఏ ఇంగ్లీషు కావాలో ఎంచుకోమని జెండాలు వరసగా చూపిస్తుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఇండియా. తెలుగు జెండా కనబడలేదు. అమెరికా పిల్ల "యాపిల్" అని తీయగా అంటే అక్క "లైన్ ఈజ్ ఎంగేజ్డ్" అంది. పలక "ట్రై అగైన్" అంది. అక్క "ట్రై ఆఫ్టర్ సమ్ టైమ్" అంది. బ్రిటన్ నొక్కాను, ఆస్ట్రేలియా నొక్కాను. ఇండియా నొక్కితే వచ్చిన గొంతు ఎక్కడిదో నాకు తెలియలేదు, మా నాన్నదీ కాదు, డోరీన్ ఆంటీదీ కాదు, ఏసీ గదిలో పుట్టి పెరిగినట్టుంది. అక్క "వాటర్, నో, మెన్" అని నీళ్లు అడిగింది. పలక ఎర్రగా వెలిగింది. సున్నా. ఖండాల్ని కలిపిన మనిషికి సున్నా వేసిన ఆ పలకని నేను మేడమీదినుంచి విసిరేశాను. సరే, సోఫా మీదికి విసిరాను. కమల దాని మీద దిండు వేసి కప్పింది.

మేడమీద వాటాలో ఇమ్మానుయేల్ ఉంటాడు, నైజీరియా కుర్రాడు, ఇక్కడ ఫార్మసీ చదువుతున్నాడు. వాళ్ల దేశంలో బడిలో పాఠం ఇంగ్లీషు, కోర్టులో తీర్పు ఇంగ్లీషు, పక్క తెగవాడితో బేరమాడాలన్నా ఇంగ్లీషే. అలాంటి కుర్రాణ్ణి పై చదువుకి పోదామంటే ఏదో దేశం వాళ్లు నీకు ఇంగ్లీషు వచ్చని పరీక్ష రాసి నిరూపించుకోమన్నారట. పొద్దున్నే డాబా మీద తన యాస కడిగేసుకుంటూ నీళ్లట్యాంకుతో మాట్లాడుతుంటాడు. మా నాన్న ఉంటే ఇతన్ని చూసి ఏమనేవారో అని ఆలోచిస్తూ ఒకరోజు మెట్ల మీదే నిలబడిపోయాను. అతనే దిగి వచ్చి, అక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, పరీక్ష ఇంగ్లీషు పక్కన పెట్టి, "మామా, హౌ యు డే?" అన్నాడు, అమ్మా ఎలా ఉన్నావని వాళ్ల ఊరి ఇంగ్లీషులో. అక్క మొహం విప్పారింది. "లేగోస్! గో అహెడ్, లేగోస్!" అంది. అలా అన్నదని నేను కాలనీ అంతా చెప్పాను. అనలేదు. అక్క నవ్వింది, అంతే. కానీ ఆ నవ్వు, లైను దొరికినప్పుడు ఆపరేటరు నవ్వే నవ్వు. నాకు కడుపు మండింది. నైజీరియాకి దొరికిన లైను నాకు దొరకదేం?

ఆ మర్నాడు కమలని తీసుకుని రాంగోపాల్‌పేట్ వెళ్లాను. మా మామగారి కొట్టు ఇప్పుడు లేదు, దాని పక్క సందులో ఆంధ్రా పిండివంటల దుకాణం ఉంది. తాండ్ర దొరికింది, ప్లాస్టిక్ కాగితంలో, ఈగ రెక్క లేకుండా. "షుగర్ ఉన్నోనివి, నీకెందుకయ్యా?" అంది కమల. నాకు కాదన్నాను. స్రవంతికి ఫోను చేస్తే, "చిన్న ముక్క అయితే నమలొచ్చు అంకుల్, పక్కన ఉండుండ్రి" అంది. సాయంత్రం లైట్లు వేసే వేళకి రెండు సాసర్లలో రెండు ముక్కలు పెట్టి అక్క ముందు ఒకటి, నా ముందు ఒకటి ఉంచి, "ఇంగ్లీష్ అవర్ స్టార్ట్స్" అన్నాను. అక్క సాసరు వంక చూసింది. నా వంక చూడలేదు.

అబద్ధాలు మొదలెట్టాను. ఆస్ట్రేలియా వాళ్లకి జింఖానా మైదానంలో క్రికెట్ నేర్పింది నేనేనన్నాను. అక్క "ఈజ్ ఇట్, మై డియర్" అంది. మర్నాడు, అల్వాల్ చెరువులో తిమింగలం పట్టానన్నాను. "వెరీ నైస్." పులికి టికెట్టు కథ కూడా చెప్పాను, నా పాత ఇంగ్లీషులోనే. కిటికీలోంచి రైలుకూత వినిపిస్తే అటు తల తిప్పింది. రోజూ గంట అయ్యాక నా ముక్క నేను, తన ముక్క తను తినేవాళ్లం, ఇద్దరు అపరిచితులు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని తిన్నట్టు. నేను లేచి గేటు దాకా వెళ్లొచ్చేవాణ్ణి. చిన్నప్పుడు ఇంగ్లీషు మా ఇంటికి చుట్టం, అదొస్తోందంటే ఇల్లంతా సర్దుకుని నోరు మూసుకుని కూర్చునేవాళ్లం. ఇప్పుడది మా గదిలో దిండ్లకి ఆనుకుని కూర్చుంది, తెలుగుని నేను తాండ్ర పెట్టి పిలవాల్సి వస్తోంది. వంటింట్లోంచి కమల అంది, "నీ కోతలు ముసలివై పోయినయ్ గదా. వదినెకు కోపమొచ్చే మాట ఒక్కటన్న చెప్పు."

ఆ మాట పట్టుకుని ఒకరోజంతా ఇల్లు తిరిగాను. సాయంత్రం సాసర్లు పెట్టాను. కుర్చీ ముందుకి లాక్కుని, గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు చెప్పాను. "అక్కా, డోరీన్ ఆంటీ టోల్డ్ మీ వన్ థింగ్. షీ సెడ్, యువర్ సిస్టర్స్ ఇంగ్లీష్ ఈజ్ ఓకే, మెన్. బట్ యువర్స్ ఈజ్ బెటర్."

అక్క తల ఇటు తిరిగింది. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది, రెండోది లేవలేదు, ఆ వైపు ఇంకా బాగుపడలేదు. తర్వాత అక్క పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. చిలకలగూడ వాటా, కుంపటి, డోరీన్ ఆంటీ పీట, అన్నీ విజయనగరం తెలుగులో పేరుపేరునా... లేదు. ఇక్కడ మాత్రం పెంచి చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. అక్క అన్నవి రెండే మాటలు. మధ్యలో చాలాసేపు ఆగి, రెండోదాన్ని నాలుకతో వెతుక్కుని మరీ అంది.

"ఏటీ... కోతలు."

నేను లేచి నిలబడ్డాను. "కమలా! అక్క మాట్లాడిందే! తెలుగులో మాట్లాడింది, కమలా, ఇలా రావే!" అని అరిచాను. కమల తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమన్నది? ఏమన్నది వదినె?" అక్క మా ఇద్దరినీ పట్టించుకోలేదు. ఎడమచెయ్యి నెమ్మదిగా చాపి, తన సాసరుని నా వైపు తోసింది. తోస్తూ నా మొహంలోకి చూసింది, చిన్నప్పుడు ఎలా చూసేదో అలాగే. ఎనిమిది గంటల డ్యూటీలో ఒక్క తెలుగుముక్క జారనివ్వని మనిషికి, ఇంటికి రాగానే రోజూ నా దగ్గరే ఎందుకు జారేదో నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. గెలిచానని వీధిలో చెప్పుకు తిరిగాను.

ఆ తాండ్ర ముక్క తీసి నోట్లో పెట్టుకోబోతున్నాను. అక్క చెయ్యి మళ్లీ కదిలింది. ఈసారి నా సాసరు అంచు పట్టుకుంది. కమలని పిలుస్తూ నేను అరిచిందంతా తెలుగే కదా. చిన్నప్పుడు నా నోరు జారిన ఏ రోజూ ఆవిడ నా ముక్క అడగలేదు. ఇప్పుడు బల్ల మీద గీరుకుంటూ, కొంచెం కొంచెంగా, ఆ సాసరుని తన వైపు లాక్కుంది.